మోకాలు ముందు వంగింది, మాట తర్వాత దొరికింది: యేసు దేవుడనే నమ్మకం ఎలా రూపు దిద్దుకుంది

ప్రతి డిసెంబర్లో నా ఫోన్‌కి రెండు రకాల వీడియోలు వస్తాయి. ఒకదాంట్లో ఎవరో ఒకాయన, క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ అనే రోమా చక్రవర్తి బిషప్పులందర్నీ కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టి, అప్పటిదాకా మామూలు ప్రవక్తగా ఉన్న యేసుని రాత్రికి రాత్రి దేవుణ్ణి చేసేసాడని చెప్తాడు. రెండోదాంట్లో ఇంకొకాయన, త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ కలిసి ఒకే దేవుడు అన్న నమ్మకం, మొదటి రోజు నుంచే శిష్యులు పేతురుకీ యోహానుకీ అందరికీ తెలుసు, మధ్యలో కొంతమంది దుర్బోధకులు వచ్చి గొడవ చేసారు అంతే అంటాడు. రెండూ బాగా ఫార్వర్డ్ అవుతుంటాయి, రెండూ తప్పే. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, ఎందుకంటే బైబిల్‌ని తెలుగులో చదువుతూ పెరిగిన నాకు ఈ ప్రశ్న చిన్నప్పటి నుంచీ ఉంది, తర్వాత చరిత్ర చదివాక తెలిసింది ఏంటంటే అసలు కథ ఈ రెండిటికన్నా చాలా పెద్దది, చాలా అందమైనది కూడా.

ముందు మన వైపు నుంచి ఒక ఇబ్బంది చెప్పాలి. మనకి అవతారం అనే మాట పుట్టినప్పటి నుంచీ తెలుసు. దేవుడు మనిషిగా దిగి వచ్చాడు అంటే తెలుగువాడికి, ఏ మతం వాడైనా సరే, వెంటనే అర్థమైపోతుంది, ఆశ్చర్యం ఏమీ ఉండదు. అందుకే యేసు విషయంలో ఇంత గొడవ ఎందుకయ్యిందో మనకి ఒక పట్టాన బోధపడదు. మొదటి శిష్యులకి ఆ సౌకర్యం లేదు. వాళ్ళంతా యూదులు, రోజూ పొద్దునా సాయంత్రం చెప్పుకునే మాట ద్వితీయోపదేశకాండంలోది, "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." ఆ ఒక్కడికి తప్ప ఇంకెవరికీ మొక్కకూడదు, చక్రవర్తికి మొక్కమంటే చచ్చిపోడానికైనా సిద్ధపడిన జాతి అది. అలాంటి వాళ్ళ మధ్య నుంచి, గలిలయలోని చిన్న ఊరు నజరేతు వాడైన ఒక మనిషికి మోకాలు వంచే అలవాటు ఎలా వచ్చింది అనేదే అసలు చిక్కుముడి.

ఇక మెస్సీయ అన్న మాట. హీబ్రూలో మాషియఖ్, అంటే నూనెతో అభిషేకం అయినవాడు, గ్రీకులో క్రిస్టోస్, మనకి క్రీస్తు. ఈ మాటలో దేవుడు అనే అర్థం లేదు. ఇశ్రాయేలు రాజులకి నూనె పోసేవాళ్ళు, ప్రధాన యాజకులకి పోసేవాళ్ళు, యెషయా గ్రంథంలో పర్షియా రాజు కోరెషుని కూడా యెహోవా అభిషిక్తుడు అన్నారు, ఆయన యూదుడే కాదు. దేవుని కుమారుడు అన్న మాట కూడా అంతే, రెండో కీర్తనలో దావీదు వంశపు రాజుని ఉద్దేశించి "నీవు నా కుమారుడవు" అని ఉంటుంది, అది సింహాసనం ఎక్కే రాజు గురించిన మాట. యేసు రోజుల్లో జనం ఎదురుచూసిన మెస్సీయ ఎక్కువగా దావీదు లాంటి రాజు, రోమా వాళ్ళని తరిమేవాడు. సిలువ మీద చచ్చిపోయే మెస్సీయ అనేది ఎవరి లెక్కలోనూ లేదు. సిలువ అంటే రోమా వాళ్ళు బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష, బట్టలూడదీసి ఊరందరికీ కనపడేలా చంపేది. క్రీ.శ. 30లోనో 33లోనో పొంతి పిలాతు అధికారంలో యేసుకి ఆ శిక్ష పడినప్పుడు ఆయన ఉద్యమం అక్కడితో ఆగిపోవాల్సింది.

ఆగలేదు. ఆయన లేచాడు, మాకు కనపడ్డాడు అని శిష్యులు చెప్పడం మొదలుపెట్టారు. చరిత్రకారులు ఆ పునరుత్థానం గురించి ఏమనుకున్నా, శిష్యులు అది నిజంగా నమ్మారు అన్నదాంట్లో దాదాపు ఎవరికీ సందేహం లేదు. వాళ్ళు అక్కడితో ఆగకుండా ఆయన ఇప్పుడు దేవుడి కుడి పక్కన కూర్చున్నాడు అన్నారు. దీనికి వాళ్ళు పట్టుకున్నది 110వ కీర్తన మొదటి వచనం, ప్రభువు నా ప్రభువుతో నా కుడి పక్కన కూర్చో అని చెప్పే మాట. కొత్త నిబంధనలో ఇన్నిసార్లు వాడుకున్న పాత నిబంధన వచనం ఇంకోటి లేదు.

ఇక్కడ మన తెలుగు బైబిల్ ఒకసారి తీసి చూడండి. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పేతురు ప్రసంగం, "మీరు సిలువవేసిన యీ యేసునే దేవుడు ప్రభువుగాను క్రీస్తుగాను నియమించెను." నియమించెను అంట. అంటే లేచాక ఆ పదవి ఇచ్చాడు అన్నట్టు ఉంది. అలాగే రోమీయులకు రాసిన పత్రిక మొదట్లో, మొదటి తరం ప్రచారకుడైన పౌలు తనకన్నా ముందు నుంచే సంఘాల్లో ఉన్న ఒక పాత విశ్వాస వాక్యాన్ని ఎత్తి చెప్తున్నాడని చాలామంది పండితులు అనుకునే చోట, శరీరాన్ని బట్టి దావీదు సంతానం, పునరుత్థానాన్ని బట్టి దేవుని కుమారుడుగా "నిరూపింపబడెను" అని మన అనువాదం. గ్రీకులో ఉన్న క్రియకి నిర్ణయించు, నియమించు అన్న అర్థం దగ్గర. మన అనువాదకులు ఎందుకలా చేసారో ఊహించొచ్చు, నియమించబడ్డాడు అని రాస్తే అంతకుముందు కుమారుడు కాదా అని ఎవరైనా అడుగుతారు. సరిగ్గా ఆ ప్రశ్నే తర్వాత 400 ఏళ్ళు అడిగారు.

పాత పండితులు దీన్ని బట్టి ఒక మెట్ల లెక్క వేసారు. మొదట పునరుత్థానంలో కుమారుడయ్యాడు అన్నారు, తర్వాత మార్కు సువార్తలో (సువార్తలంటే యేసు జీవితం చెప్పే నాలుగు పుస్తకాలు) బాప్తిస్మం దగ్గర ఆకాశం నుంచి "నీవు నా ప్రియకుమారుడవు" అని వినపడింది, తర్వాత మత్తయి, లూకాల్లో పుట్టుకకే తీసుకెళ్ళారు కన్యక గర్భం అని, ఆఖర్న యోహాను సువార్తలో లోకం పుట్టకముందుకి తీసుకెళ్ళిపోయారు, "ఆదియందు వాక్యముండెను" అని. మార్కు సుమారు 70లో, మత్తయి, లూకా 80-90ల్లో, యోహాను 90-100 మధ్య రాసారని ఎక్కువమంది లెక్క, కాబట్టి వరస కూడా చక్కగా కుదురుతుంది. జర్మనీ పండితుడు విల్హెల్మ్ బూసెట్ 1913లో ఇంకా ముందుకెళ్ళి, యెరూషలేము యూదులు యేసుకి మొక్కలేదు, అంతియొకయ లాంటి గ్రీకు నగరాల్లో, అన్యదేవతల్ని కూడా ప్రభువు అని పిలిచే వాతావరణంలో ఈ అలవాటు పుట్టింది అన్నాడు. చాలా కాలం అదే పెద్దమాటగా చెలామణి అయ్యింది.

ఈ మెట్ల లెక్క వినడానికి బావుంటుంది గానీ, ఒక్క మనిషి దగ్గర విరిగిపోతుంది. పౌలు.

పౌలు ఉత్తరాలు సువార్తలన్నిటికన్నా పాతవి. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక దాదాపు 50వ సంవత్సరంలోది, అంటే సిలువ అయ్యి 20 ఏళ్ళే. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఒక పాట లాంటిది ఉంది, పౌలు కన్నా ముందే సంఘంలో పాడుకునేవాళ్ళని చాలామంది అంటారు. "దేవుని స్వరూపము కలిగినవాడైయుండి" కూడా "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని మొదలై, సిలువ మరణం దాకా దిగి, అక్కడి నుంచి దేవుడు ఆయన్ని పైకెత్తి అన్ని పేర్లకన్నా పై పేరు ఇచ్చాడు, యేసు నామంలో ప్రతి మోకాలూ వంగాలి, ప్రతి నాలుకా యేసుక్రీస్తు ప్రభువు అని ఒప్పుకోవాలి అని ముగుస్తుంది. ముందు నుంచీ ఉన్నవాడు దిగి రావడం అనే ఆలోచన ఇక్కడే ఉంది, యోహాను సువార్తకి కనీసం 30 ఏళ్ళ ముందు. ఇంకా పెద్ద సంగతి, ప్రతి మోకాలు, ప్రతి నాలుక అన్న మాటలు యెషయా 45వ అధ్యాయం నుంచి తీసుకున్నవి, అక్కడ మాట్లాడేది యెహోవా, నేను తప్ప వేరే దేవుడు లేడు అని చెప్తూ మరీ అంటాడు ఆ మాట. మొత్తం పాత నిబంధనలో ఏకేశ్వర వాదం అంత గట్టిగా చెప్పిన చోట్లు కొన్నే ఉంటాయి, అలాంటి చోటు నుంచి ఆ మాటలు తీసి యేసుకి పెట్టారు.

ఇది తెలుగులో చదివేటప్పుడు మనకి అంత తేలిగ్గా తట్టదు, కారణం చెప్తాను. గ్రీకు మాట్లాడే యూదులు పాత నిబంధన చదివేటప్పుడు యెహోవా పేరు ఉన్నచోట కూరియోస్ అనేవాళ్ళు, అంటే ప్రభువు. పౌలు యేసుని పిలిచింది కూడా కూరియోస్ అనే. ఆయన ఉత్తరం చదివినవాడి చెవికి రెండూ ఒకటే మాట. మన తెలుగు పాత అనువాదంలో పాత నిబంధనలో యెహోవా అనీ, కొత్త నిబంధనలో ప్రభువు అనీ వేరు వేరుగా ఉంటాయి. అందుకే యోవేలు 2వ అధ్యాయంలో యెహోవా నామమును బట్టి ప్రార్థన చేసేవాళ్ళు రక్షింపబడతారు అని చదివి, రోమా 10వ అధ్యాయంలో "ప్రభువు నామమును బట్టి" అని చదివితే, అది అదే వాక్యం అనీ, యెహోవా ఉండాల్సిన చోట పౌలు యేసుని పెడుతున్నాడనీ మనకి తట్టదు. నాకు ఇది తెలిసిన రోజు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అలాగే మొదటి కొరింథీ 8వ అధ్యాయంలో పౌలు ఆ రోజువారీ యూదుల ప్రార్థననే విడదీసి, మనకు ఒక్కడే దేవుడు, ఆయన తండ్రి, మనకు ప్రభువు ఒక్కడే, ఆయన యేసుక్రీస్తు అంటాడు. ఒక్కడే అన్నది వదల్లేదు, రెండో వాణ్ణి పక్కన కలపలేదు, ఆ ఒక్కటి అనే మాట లోపలికే యేసుని తీసుకొచ్చాడు. ఎలా అని మాత్రం వివరించడు. కొరింథు వాళ్ళు విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా అని అడిగితే దానికి జవాబు చెప్తూ మధ్యలో అనేసిన మాట ఇది, అంటే వాళ్ళకది కొత్త విషయం కాదు. అదే ఉత్తరం ఆఖర్న మరనాత అన్న మాట ఉంటుంది, మన దగ్గర కొన్ని సంఘాల్లో ఇప్పటికీ పలకరింపుగా అంటారు, అది గ్రీకు కాదు అరామిక్, "మా ప్రభువా రా" అని. గ్రీకు వాళ్ళకి రాసిన ఉత్తరంలో అరామిక్ మాట ఉందంటే అది పాలస్తీనాలో, అరామిక్ మాట్లాడే మొదటి యూదు సంఘంలో పుట్టిన ప్రార్థన అన్నమాట. బూసెట్ సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ. ఎడిన్‌బరోలో పాఠాలు చెప్పిన లారీ హర్టాడో లాంటి పండితులు తర్వాత దీన్నే పట్టుకుని, యేసుకి ఆరాధన నెమ్మదిగా పెరిగింది కాదు, మొదటి కొన్నేళ్ళలోనే ఒక్కసారిగా వచ్చింది, అదీ యూదుల మధ్యే అని వాదించారు. అందరూ ఒప్పుకోరు, బార్ట్ ఎర్మన్ లాంటి వాళ్ళు పైకెత్తబడిన మనిషి అన్న ఆలోచనా, దిగొచ్చిన దైవం అన్న ఆలోచనా రెండూ వేరు వేరుగా మొదలై తర్వాత కలిసాయి అంటారు, కానీ ఆరాధన చాలా తొందరగా వచ్చిందన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట.

మరి యూదులకి ఇది ఎలా సాధ్యమయ్యింది? వాళ్ళ దగ్గర కొన్ని గూళ్ళు ముందే ఉన్నాయి. సామెతలు 8లో జ్ఞానం ఒక వ్యక్తిలా మాట్లాడుతుంది, లోకం చేసేటప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను అని. దానియేలు 7లో మనుష్యకుమారుని పోలిన ఒకడు మేఘాల మీద వచ్చి మహావృద్ధుడి దగ్గర రాజ్యం తీసుకుంటాడు. యేసు కాలంలోనే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఫిలో అనే యూదు తత్వవేత్త ఉండేవాడు, ఆయన దేవుడి లోగోస్ గురించి, అంటే వాక్యం గురించి రాస్తూ ఒకచోట రెండో దేవుడు అనే మాట కూడా వాడాడు. యోహాను సువార్త మొదటి వాక్యంలో ఉన్న వాక్యం గ్రీకులో ఈ లోగోసే. అంటే దేవుడి ఒక్కతనంలోనే ఏదో ఒక వెడల్పు ఉందన్న ఊహ వాళ్ళకి కొత్తది కాదు. కొత్తది ఏంటంటే, ఆ గూట్లో ఒక పేరూ ఊరూ ఉన్న మనిషిని, మొన్న మొన్న సిలువేసిన మనిషిని కూర్చోబెట్టడం.

సువార్తల్లో కూడా రెండు స్వరాలూ వినపడతాయి, ఒకే పుస్తకంలో. మార్కులో యేసు నన్ను సత్పురుషుడు అని ఎందుకంటావు, దేవుడొక్కడే సత్పురుషుడు అంటాడు, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదు అంటాడు, అదే మార్కులో దేవుడు మాత్రమే చేయగల పాపక్షమాపణ తన నోటితో చెప్తాడు. యోహానులో తోమా "నా ప్రభువా, నా దేవా" అంటాడు, అదే యోహానులో యేసు "తండ్రి నాకంటె గొప్పవాడు" అంటాడు. తర్వాత గొడవ పడ్డవాళ్ళెవరూ బైబిల్ వదిలేసి గొడవ పడలేదు, ప్రతి వాడి చేతిలోనూ వచనాలు ఉన్నాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. ఆరాధన ముందు వచ్చింది, దాన్ని వివరించే మాటలు చాలా తర్వాత వచ్చాయి. మోకాలు వంగింది 20 ఏళ్ళలోపే, ఎందుకు వంచుతున్నాం, అది విగ్రహారాధన ఎందుకు కాదు అని చెప్పగలిగే భాష దొరకడానికి 400 ఏళ్ళు పట్టింది. ఈ మధ్యకాలమంతా పాత సామాను కొత్త ఇంట్లో సర్దుకోవడం లాంటిది.

బయటి వాళ్ళ సాక్ష్యం కూడా ఉంది. దాదాపు 112లో, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలో గవర్నర్‌గా ఉన్న ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాసాడు, ఈ క్రైస్తవుల్ని ఏం చెయ్యాలో తెలియడం లేదని. సంఘంలో పరిచర్య చేసే ఇద్దరు దాసీ స్త్రీలని హింసించి మరీ విచారించాడు. అతనికి తెలిసింది, వాళ్ళు ఒక నియమిత రోజున తెల్లవారకముందే కూడి, క్రీస్తుకి ఒక దేవుడికి పాడినట్టు పాట పాడుకుంటారు అని. కాన్‌స్టాంటైన్ పుట్టడానికి 150 ఏళ్ళకి పైగా ముందు సంగతి ఇది. అదే రోజుల్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్, చంపడానికి రోమ్ తీసుకెళ్తుంటే దారిలో రాసిన ఉత్తరాల్లో, మన దేవుడైన యేసుక్రీస్తు అని మళ్ళీ మళ్ళీ రాసాడు. రోమ్‌లో పాలటైన్ కొండ మీద ఒక గోడ గీత దొరికింది, గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద, పక్కన చెయ్యెత్తి నిలబడ్డ కుర్రాడు, కింద అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు అని రాత. ఎవరో తోటివాడు ఎగతాళి చెయ్యడానికి గీసింది. ఆ ఎగతాళి వల్లే మనకి అలెక్సమెనోస్ పేరు తెలిసింది. ఇంకోటి, 2005లో ఇజ్రాయెల్‌లోని మెగిద్దో జైలు ఆవరణలో తవ్వుతుంటే, ఖైదీలు కూడా సాయం చేసిన తవ్వకంలో, మూడో శతాబ్దపు మొజాయిక్ నేల బయటపడింది, అందులో అకెప్టూస్ అనే స్త్రీ ఈ బల్లని దేవుడైన యేసుక్రీస్తుకి జ్ఞాపకార్థంగా ఇచ్చింది అని గ్రీకులో ఉంది. 325లో ఓటింగ్ పెట్టి దేవుణ్ణి చేసారు అనే వాళ్ళకి ఈ బల్ల ఒక్కటి చాలు.

రెండో, మూడో శతాబ్దాల్లో వివరణలు రకరకాలుగా వచ్చాయి. ఎబియోనీయులు అనే యూదు క్రైస్తవులు ఆయన యోసేపు మరియల కొడుకు, ధర్మశాస్త్రం పూర్తిగా పాటించాడు కాబట్టి దేవుడు ఎన్నుకున్నాడు అన్నారు. దానికి సరిగ్గా ఎదురుగా ఇంకొందరు, దేవుడికి ఒళ్ళు నొప్పి ఏంటి, ఆయన శరీరం కనపడిందంతే, నిజం కాదు అన్నారు. 190 ప్రాంతంలో బైజాంటియం నుంచి రోమ్ వచ్చిన థియోడోటస్, చర్మకారుడు, యేసు మనిషే, బాప్తిస్మంలో శక్తి దిగింది అని బోధించాడు, రోమ్ బిషప్ విక్టర్ ఆయన్ని వెలివేసాడు. ఇక ఎక్కువ మంది మామూలు విశ్వాసులకి నచ్చిన జవాబు మాత్రం వేరు, దేవుడు ఒక్కడే, ఆయనే తండ్రిగా ఒకసారి కుమారుడిగా ఒకసారి ఆత్మగా ఒకసారి వస్తాడు అనేది, సబెల్లియస్ పేరు మీద పిలుస్తారు దీన్ని. మన ఊళ్ళలో సండే స్కూల్ టీచర్లు నీళ్ళు, ఐసు, ఆవిరి అని చెప్పే ఉదాహరణ దాదాపు ఇదే, తెలియక చెప్తారు పాపం. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత దీనికి ఒప్పుకోలేదు, అలా అయితే సిలువ మీద చచ్చిపోయింది తండ్రే అవుతాడు, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థించాడు అన్నాడు. లాటిన్‌లో త్రిత్వం అనే మాటని దేవుడి గురించి వాడినవాళ్ళలో మొదటివాడు ఈయనే, ఒక సారం, ముగ్గురు వ్యక్తులు అనే వరస కూడా ఈయన దగ్గరే మొదలయ్యింది. అలెగ్జాండ్రియాలో ఒరిజెన్ అనే పండితుడు ఇంకో ముఖ్యమైన మాట అన్నాడు, తండ్రి కుమారుణ్ణి కనడం ఒకప్పుడు జరిగి అయిపోయిన పని కాదు, దీపం ఉన్నంతసేపూ వెలుగు వస్తూనే ఉన్నట్టు అది నిత్యం. కానీ ఆయన లెక్కలో కూడా కుమారుడు తండ్రికన్నా ఒక మెట్టు కిందే. ఆ మెట్టు దగ్గరే ఆరియస్ వచ్చాడు.

ఆరియస్‌ని మన ప్రసంగాల్లో రాక్షసుడిలా చూపిస్తారు, అది న్యాయం కాదు. అలెగ్జాండ్రియాలో పేరున్న పాస్టర్, వయసు మళ్ళినవాడు, సన్యాసిలా బతికేవాడు. 318 ప్రాంతంలో తన బిషప్ అలెగ్జాండర్‌తో గొడవ మొదలయ్యింది. ఆరియస్ వాదన చాలా సూటిగా ఉంటుంది. దేవుడంటే ఆది లేనివాడు. కుమారుడంటే పుట్టినవాడు. పుట్టినవాడికి ఆది ఉంటుంది. కాబట్టి ఆయన లేని ఒక సమయం ఉంది. ఆయన సృష్టిలో మొట్టమొదటివాడు, అందరికన్నా గొప్పవాడు, ఆయన ద్వారానే మిగతాదంతా పుట్టింది, అయినా సృష్టే. చేతిలో వచనం కూడా ఉంది, సామెతలు 8లో జ్ఞానం చెప్పే మాట, మన తెలుగులో కూడా "యెహోవా నన్ను కలుగజేసెను" అనే ఉంటుంది. ఆ ఆలోచనల్ని పాటలుగా కట్టి ఓడవాళ్ళూ తిరగలి పనివాళ్ళూ పాడుకునేలా చేసాడు.

అలెగ్జాండర్ పక్షం, అందులో అప్పటికి కుర్రవాడైన అథనాసియస్ కూడా ఉన్నాడు, తిరిగి అడిగిన ప్రశ్న ఒకటే, నువ్వు ఇన్నాళ్ళూ ఎవరికి ప్రార్థన చేసావు? ఎవరి పేరున బాప్తిస్మం ఇచ్చావు? ఆయన సృష్టి అయితే మనం చేసిందంతా విగ్రహారాధనే కదా, ఇంక మనకీ అన్యులకీ తేడా ఏంటి. పైగా సృష్టి సృష్టిని దేవుడి దగ్గరికి తీసుకెళ్ళలేదు, దేవుడే దిగొస్తే తప్ప రక్షణ లేదు. చూడండి, ఇక్కడ వాదన మొత్తం ఆరాధన మీద నిలబడి ఉంది. ఆరియస్ కూడా యేసుకి మొక్కేవాడే, ఇద్దరిలో ఎవరూ ఆయన మామూలు మనిషి అనలేదు. గొడవ దేవుడా మనిషా అని కాదు, తండ్రి ఏ అర్థంలో దేవుడో అదే అర్థంలో కుమారుడు కూడా దేవుడా అని.

కాన్‌స్టాంటైన్‌కి ఇది మొదట అర్థం కాలేదు. 324లో తూర్పు భాగాన్ని ఏలుతున్న లిసినియస్‌ని ఓడించి సామ్రాజ్యం మొత్తం చేతికి తెచ్చుకున్నాక తూర్పుకి వచ్చి చూస్తే చర్చిలు కొట్టుకుంటున్నాయి, ఇంత చిన్న విషయానికి ఎందుకు గొడవ, కలిసిపోండి అని ఇద్దరికీ ఉత్తరం రాసాడు. వినలేదు. 325లో నైసియాలో, ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అనే ఊరు, బిషప్పుల్ని పిలిచాడు, 250 నుంచి 300 మంది దాకా వచ్చారు, 318 అనేది తర్వాత స్థిరపడ్డ సంఖ్య. వాళ్ళలో కొన్నేళ్ళ కిందటి హింసల్లో కన్ను పోగొట్టుకున్నవాళ్ళు, చేతులు కాల్చబడ్డవాళ్ళు ఉన్నారని పాత చరిత్రకారులు రాసారు. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలి అన్నది అక్కడ తేల్చలేదు, అది కూడా వీడియోల పుకారే. వాళ్ళు ఒక విశ్వాస ప్రమాణం రాసారు, వెలుగు నుంచి వెలుగు, నిజ దేవుడి నుంచి నిజ దేవుడు, పుట్టినవాడే గానీ చేయబడినవాడు కాదు, తండ్రితో ఒకే సారం గలవాడు అని. ఈ ఆఖరి మాట గ్రీకులో హోమోఊసియోస్. ఆరియస్ పక్షం ఏ బైబిల్ మాట పెట్టినా దానికి తమ అర్థం చెప్పుకోగలిగేవాళ్ళు, ఈ ఒక్కదానికి చెప్పుకోలేరు, అందుకే పెట్టారు. సంతకం పెట్టను అని ఆఖరిదాకా నిలబడ్డ బిషప్పులు ఇద్దరే, లిబియా వాళ్ళు, సెకుండస్, థియోనాస్.

కానీ ఆ మాట చాలామందికి గొంతులో ముల్లే. బైబిల్లో లేదు. పైగా 268లో అంతియొకయలో సమోసట వాడైన పౌలు అనే బిషప్‌ని తీసేసినప్పుడు ఇదే మాటని తప్పు అన్నారని తర్వాతి రచయితలు చెప్తారు. సబెల్లియస్ వాసన వస్తోంది అని భయం. కైసరయ బిషప్ యూసేబియస్ సంతకం పెట్టి, వెంటనే తన సంఘానికి నేను దీనికి ఎందుకు ఒప్పుకున్నానో చెప్తాను అని సంజాయిషీ ఉత్తరం రాయాల్సొచ్చింది. అంటే నైసియాతో కథ ముగియలేదు, అసలు రభస అప్పుడు మొదలయ్యింది. కాన్‌స్టాంటైనే ఆరియస్‌ని వెనక్కి పిలిపించాడు, 337లో చచ్చిపోయేముందు బాప్తిస్మం తీసుకుంది కూడా ఆరియస్ స్నేహితుడైన నికొమీడియా బిషప్ దగ్గర. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ నైసియాకి వ్యతిరేకి. అథనాసియస్ 45 ఏళ్ళు బిషప్‌గా ఉంటే అందులో 17 ఏళ్ళు ప్రవాసంలోనే, ఐదుసార్లు వెళ్ళగొట్టారు. చక్రవర్తి ఓటింగ్‌తో తేల్చేసాడు అనేవాళ్ళు ఈ 50 ఏళ్ళు చదివితే చాలు, చక్రవర్తులు చాలా ఏళ్ళు రెండో వైపే ఉన్నారు. ఈ మధ్యలో హోమోఇఊసియోస్ అనే పక్షం కూడా వచ్చింది, ఒకే సారం కాదు, ఒకేలాంటి సారం అని, ఒక్క అక్షరం తేడా. అక్షరం కోసం కొట్టుకున్నారు అని తేలిగ్గా తీసేసేవాళ్ళున్నారు, తల్లిదండ్రుల ఆస్తి పత్రంలో ఒక్క అక్షరం మారితే మనం ఊరుకుంటామా, ఇది వాళ్ళకి అంతకన్నా పెద్దది.

ఇది బిషప్పుల గొడవ మాత్రమే కూడా కాదు. నిస్సా బిషప్ గ్రెగరీ కాన్‌స్టాంటినోపుల్ గురించి రాసాడు, చిల్లర అడిగితే పుట్టినవాడు పుట్టనివాడు అని పాఠం చెప్తారు, రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు కుమారుడు తక్కువవాడు అంటారు, స్నానానికి నీళ్ళు సిద్ధమా అంటే కుమారుడు శూన్యం నుంచి వచ్చాడు అంటారు అని. ఆయన విసుగుతో రాసాడు గానీ నాకు మాత్రం ఆ వీధి మీద గౌరవం కలుగుతుంది, రొట్టెలమ్మే మనిషికి కూడా ఇది తన విషయం అనిపించింది కదా.

ముడి విడిపోయింది మాటల దగ్గరే. గ్రీకులో ఊసియా, హుపోస్టాసిస్ అని రెండు మాటలున్నాయి, చాలాకాలం రెండిటినీ ఒకే అర్థంలో వాడారు, నైసియా ప్రమాణం కూడా అలాగే వాడింది. దాంతో ఒకడు మూడు హుపోస్టాసిస్‌లు అంటే పక్కవాడికి ముగ్గురు దేవుళ్ళు అని వినపడేది, ఒకటే హుపోస్టాసిస్ అంటే ఇంకొకడికి సబెల్లియస్ అని వినపడేది, లాటిన్ వాళ్ళకైతే హుపోస్టాసిస్‌ని అక్షరాలా మారిస్తే సారం అనే వచ్చేది, ఇంకా గందరగోళం. 362లో అలెగ్జాండ్రియాలో ముసలి అథనాసియస్ రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి మీరు ఆ మాటతో ఏమంటున్నారు అని అడిగి, ఇద్దరూ చెప్పేది ఒకటే అని తేల్చాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు అది. ఆ తర్వాత ఇప్పటి టర్కీలోని కప్పదోకియ నుంచి బాసిల్, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగరీ, స్నేహితుడు నజియంజస్ గ్రెగరీ, ఈ ముగ్గురూ రెండు మాటల్నీ విడదీసి స్థిరపరిచారు, ఊసియా, అంటే సారం, ఒకటి, హుపోస్టాసిస్‌లు, అంటే వ్యక్తులు, మూడు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి థియోడోసియస్ పిలిచిన సభలో దీన్ని ఖాయం చేసారు, ఇప్పుడు చర్చిల్లో నైసియా విశ్వాస ప్రమాణం అని చదివేది నిజానికి ఈ 381 నాటి రూపమే.

అప్పటికి తండ్రితో సమానం అన్నది తేలింది, ఇక కొత్త ప్రశ్న, మరి అదే మనిషిలో దేవుడూ మనిషీ ఎలా ఉన్నారు? ఆకలేసింది ఎవరికి, స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చింది ఎవరు? కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్టోరియస్ మరియని దేవుని తల్లి అనకండి, క్రీస్తు తల్లి అనండి అన్నాడు, అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ ఊరుకోలేదు, 431లో ఎఫెసులో నెస్టోరియస్‌ని తీసేసారు. 451లో కల్సెదోనులో, ఇప్పటి ఇస్తాంబుల్‌లో ఒక పేట అది, ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు, కలగాపులగం కాకుండా, మార్పు లేకుండా, విడిపోకుండా, వేరుపడకుండా అని నాలుగు లేకుండాలతో రాసారు. అది ఎలాగో చెప్పలేదు, ఏం అనకూడదో మాత్రం కంచె కట్టారు. ఈజిప్టు కోప్టులు, సిరియా వాళ్ళు, అర్మేనియా వాళ్ళు రెండు స్వభావాలు అన్న మాటకి ఒప్పుకోలేదు, ఒకే స్వభావం అని సిరిల్ అన్న మాటే పట్టుకుని వేరైపోయారు. పర్షియా వైపు సంఘం అంతకుముందే నెస్టోరియస్ పక్షం అనే ముద్ర పడి వేరుగా ఉంది.

ఈ రెండు పాయలూ మన దక్షిణాదికే వచ్చాయి. కేరళలో త్రిశూర్‌లో ఉన్న కల్దియన్ సిరియన్ చర్చి ఆ పర్షియా వైపు సంఘానికి చెందినది, అక్కడ మరియ క్రీస్తు తల్లి. కొట్టాయంలో కేంద్రం ఉన్న మలంకర ఆర్థడాక్స్ వాళ్ళు కల్సెదోను ఒప్పుకోని పాయ, అక్కడ ఆమె దేవుని తల్లి. మధ్యలో కొన్ని గంటల ప్రయాణం. 1973లో పోప్ పాల్ 6, కోప్టిక్ పోప్ షెనూదా 3 కలిసి, క్రీస్తు సంపూర్ణ దేవుడు సంపూర్ణ మనిషి అని ఇద్దరం నమ్ముతున్నాం అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు, 1994లో పోప్ జాన్ పాల్ 2, పర్షియా పాయకి పెద్దగా ఉన్న మార్ దిన్ఖా 4తో అలాంటిదే ఇంకోటి పెట్టారు, అందులో క్రీస్తు తల్లి అనడం, దేవుని తల్లి అనడం రెండూ ఒకే నమ్మకం నుంచి వచ్చినవే అని ఒప్పుకున్నారు. ఎఫెసు సభ జరిగిన 1563 ఏళ్ళకి.